డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి

చట్టములు చేయు సభయందు ఆసనము లభించుట గొప్ప గౌరవమని లోకము తలంచును. కాని ఆ ఆసనమును ఎవరి మేలుకొరకు వినియోగించితివని అడిగినప్పుడు తలయెత్తి జవాబు చెప్పగలవారే ఆ గౌరవమునకు తగినవారు. తన జీవితముచేతనే అట్టి జవాబు చెప్పిన మహనీయురాలు డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి. ఆమె చెన్నపురి శాసనసభలో ఉండినది మూడేండ్లకు కొంచెము పైకాలము మాత్రమే. ఆనాడు మన కోస్తా జిల్లాలును రాయలసీమయు చెన్నపురి రాజధానిలో చేరియుండెను గనుక, ఆమె చేయించిన చట్టములు తెలుగు స్త్రీలకును వర్తించినవి.

ఆమె 1886వ సంవత్సరము జూలై 30వ తేదీన పుదుక్కోట సంస్థానమున జన్మించెను. తండ్రి నారాయణస్వామి అయ్యరు అచ్చటి మహారాజా కళాశాలకు ప్రిన్సిపాలు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీల కులమున పుట్టినది. చిన్నపిల్లలను దేవాలయములకు అర్పించి, వివాహజీవితమునకు దూరముచేయు ఆచారము ఆ కులమున ఉండెను. కావున ఆ ఆచారమువలని దుఃఖము ఆమెకు పరులమాట కాదు. తన తల్లి పుట్టింటి మాట.

ఉన్నతవిద్యకు ఆమె అర్హురాలైనప్పుడు ఆ యూర బాలుర కళాశాల తప్ప వేరొకటి లేదు. ఆడుపిల్లను చేర్చుకొనరాదని పలువురు అభ్యంతరము చెప్పినను, సంస్థానాధిపతి అనుమతి యొసంగెను. పిమ్మట 1907లో చెన్నపురి వైద్యకళాశాలలో చేరి, 1912లో పట్టము పొందెను. 1914లో డాక్టరు సుందర రెడ్డిని వివాహమాడెను. తనను సమానురాలిగా గౌరవింపవలెననియు, తన యిష్టమైన పనులకు అడ్డురాకూడదనియు ఆమె ముందుగానే నియమము పెట్టగా, అతడు సమ్మతించి జీవితాంతము ఆ మాట నిలుపుకొనెను. 1925లో ఆమె ఇంగ్లండునకు పోయి స్త్రీల యొక్కయు శిశువుల యొక్కయు వ్యాధులనుగూర్చి విశేషవిద్య నభ్యసించెను.

చెన్నపురి రాజధానిలో స్త్రీలకు 1921లో ఓటుహక్కు వచ్చినను, సభలో కూర్చుండు హక్కు 1926లోగాని రాలేదు. ఆ యేటి ఎన్నికలలో పోటీచేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ స్వల్పమైన తేడాతో ఓడిపోయెను. అంతట ప్రభుత్వమువారు ముత్తులక్ష్మీ రెడ్డిని సభ్యురాలిగా నియమించిరి. వైద్యవృత్తికి భంగము కలుగునని ఆమె మొదట సంకోచించినను, స్త్రీల పక్షమున మాటలాడువారు సభలో ఒకరైనను ఉండవలెనని అంగీకరించెను. 1927లో సభ్యులందరు ఏకగ్రీవముగా ఆమెను ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకొనిరి. అప్పటి అధ్యక్షుడు విశాఖపట్టణమునకు చెందిన సి. వి. ఎస్. నరసింహరాజు. నూరుమందికి మించిన పురుషుల నడుమ ఆమె ఒక్కతెయే స్త్రీ.

సభలో తీర్మానము వేరు, చట్టము వేరు. తీర్మానము ప్రభుత్వమునకు చెప్పు సలహా మాత్రమే. చట్టమైననే దానికి బలము కలుగును. బాలికలను దేవాలయములకు అర్పించుట మాన్పవలెనని 1927 నవంబరులో ఆమె తీర్మానము ప్రతిపాదింపగా సభ ఆమోదించెను. అంతటితో తృప్తిపడక, ఆ యాచారమునకు వేరు ఎక్కడ నున్నదో ఆమె వెదకెను. దేవాలయసేవ చేయవలెనను నియమముపై పలు దేవదాసీ కుటుంబములకు ఈనాము భూములుండెను. సేవ మానినచో భూమి పోవును; భూమి నిలుపుకొనవలెనన్న ఇంటిలోని ఒక పిల్లను అర్పింపవలెను. ఈ విధముగా తిండిగింజలే సంకెలలైనవి. ఆమె ప్రయత్నమువలన 1929లో దేవాదాయచట్టము సవరింపబడి, ఆ భూములు సేవానియమమునుండి విముక్తములై, నిర్ణయించిన పన్ను చెల్లించుచు ఆ కుటుంబములవారే అనుభవించుటకు వీలు కలిగెను. పిల్లను విడిపించుటకు ముందు పొలమును విడిపింపవలెనని గ్రహించుటయే ఆమె వివేకము.

ఈ పని నిరాటంకముగా సాగలేదు. ఎస్. సత్యమూర్తివంటి ప్రముఖులు ఆమెను ఎదిరించిరి. అంతకంటె బాధాకరమైన విషయమేమనగా, ఎవరికొరకు ఆమె పాటుపడుచుండెనో ఆ దేవదాసీలలోనే కొందరు తమ జీవనాధారమును, తమ సంగీతనాట్యకళలును నశించునని విన్నపములు పంపుకొనిరి. వారి భయము నిష్కారణము కాదు. అయినను, తన యిష్టము తెలియజెప్పలేని పసిపిల్లను పెద్దలు అర్పించుట తగదన్న మాటను ఆమె విడువలేదు. మన తెలుగుదేశమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు భోగముమేళములకు విరోధముగా అంతకుముందే పోరాడిరి. ఆమె కాలమున యామినీ పూర్ణతిలకమ్మ ఇదే సంస్కరణకై ప్రచారము సల్పెను.

బాల్యవివాహములను మాన్పుటకును, బడిపిల్లల ఆరోగ్యపరీక్షకును ఆమె సభలో మాటలాడెను. ఆడుపిల్లలను పాపపుబ్రతుకులోనికి దింపు దుర్వ్యాపారము నణచు చట్టము 1930లో వచ్చుటకు ఆమె కృషియే ముఖ్యకారణము. దేశమందలి విద్యాస్థితిని విచారించిన హార్టాగ్ సంఘమునందును ఆమె సభ్యురాలు.

1930లో ఆమెకు కఠినమైన పరీక్ష సంభవించెను. బాలికల సమర్పణమునే నిషేధించు బిల్లు ఇంకను సభముందుండెను. ఆ మే నెలలో, ఉప్పుసత్యాగ్రహమునకై గాంధీమహాత్ముని ప్రభుత్వమువారు నిర్బంధించిరి. సభలో నిలిచినచో బిల్లు సాగవచ్చును; నిలిచినచో ఆ ప్రభుత్వమువారి నియామకమును అనుభవించుచున్నట్లే యగును. ఆమె తన పదవికి రాజీనామా నిచ్చెను. బిల్లు నిలిచిపోయెను. ఆ నిషేధము చట్టమగుటకు 1947వ సంవత్సరము రావలసివచ్చినది.

పదవి పోయినను పని పోలేదు. ఆ దినములలోనే ముగ్గురు దేవదాసీ బాలికలు ఆశ్రయము కోరి ఆమె యింటికి వచ్చిరి. వసతిగృహములవారు వారిని చేర్చుకొనకపోగా, ఆమె తన యింటనే ఉంచుకొనెను. చెన్నపురి యందలి అవ్వై హోము అను శరణాలయమునకు అదియే ఆరంభము. తన చెల్లెలు పుట్టకురుపుచే, అనగా కాన్సరుచే, మరణించుట కన్నులార చూచిన ఆమె, ఆ వ్యాధికి ప్రత్యేకమైన వైద్యశాల నెలకొల్పవలెనని పెక్కేండ్లు శ్రమించెను. 1954లో అడయారునందు కాన్సరు ఇన్‌స్టిట్యూటు తెరవబడెను. 1956లో భారతప్రభుత్వము ఆమెకు పద్మభూషణ బిరుదమొసంగెను. 1968 జూలై 22వ తేదీన ఆమె పరమపదించెను.

బాలబాలికలారా! మీలో కొందరు రేపు సభలలో కూర్చుండవచ్చును. మిగిలినవారు సభ్యులను ఎన్నుకొనెదరు. సభ్యునిగూర్చి విచారింపవలసివచ్చినప్పుడు, అతడు ఎంతకాలము పదవిలో నుండెనని కాక, నోరులేనివారికొరకు ఏమి చేసెనని విచారింపుడు. ముత్తులక్ష్మీ రెడ్డి తలపెట్టిన గొప్పపని ఆమె సభలో నుండగా పూర్తి కాలేదు. అయినను, పొలములను విడిపించిన 1929 నాటి చట్టమువలన, పదునెనిమిదేండ్ల పిమ్మట వచ్చిన నిషేధమునకు దారి యేర్పడినది. ఫలము తన కాలమున చేతికందకపోయినను, మంచిపనిని సరియైన చోట మొదలుపెట్టినవాని శ్రమ వ్యర్థము కానేరదు.