తెర ముందు వకీలు గారు, తెర వెనుక మాష్టారు
(బందా కనకలింగేశ్వరరావు గారి జీవితం)



ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు పెద్దవారిలో ఒకరి గురించి రాయమని సంపాదకవర్గం వారు ఆదేశించారు. సర్వీసులో ఉన్న 37 సంవత్సరాలూ నోటు ఫైళ్లు, డ్రాఫ్టులు రాసిన చేయి ఇది. జీవిత చరిత్ర రాయడం నా తాహతుకు మించిన పనే. అయినా ఒప్పుకొన్నాను. ఎందుకంటే నేను ఏనాడూ ముఖానికి రంగు పూసుకోలేదు గాని, మన ఉద్యోగుల నాటకాలలో ఇరవై ఏళ్లకు పైగా తెర లాగాను, దీపాలు చూశాను, ఉరుములు ఉరిమించాను. తెర వెనుక నిలబడినవాడికి నటుడు మరొక కోణంలో కనబడతాడు. ఆ కోణం నుంచే బందా కనకలింగేశ్వరరావు గారి గురించి నాలుగు మాటలు విన్నవించుకుంటాను.

బందా వారు 1907 జనవరి 20న ఆటపాకలో జన్మించారు. కైకలూరు పక్కన, కొల్లేటి ఒడ్డున ఉన్న ఊరు. ఈనాటి పిల్లలకు ఆటపాక అంటే పెలికాన్ పక్షులను చూపించే చోటు. ఆ కాలంలో అది కృష్ణా జిల్లా. మాది ఉంగుటూరు, కొల్లేటికి ఇవతలి వైపు. నడుమ సరస్సు, నడుమ జిల్లా సరిహద్దు. 2022 ఏప్రిల్‌లో కొత్త ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు కైకలూరు, ఉంగుటూరు రెండూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. ఆ రోజు పేపరు చదువుతూ, ఇన్నాళ్లకు బందా వారు జన్మ చేత కూడా మన జిల్లా వారయ్యారని మా ఇంట్లో అందరికీ చెప్పి సంతోషపడ్డాను. వృత్తి చేత వారు ఎప్పుడూ మనవారే. లా చదివి వకీలుగా స్థిరపడింది ఏలూరులోనే గదా!

1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు ముఖ్యపట్టణమైంది. కోర్టులు, కచేరీలు, హైస్కూళ్లు ఉన్న ఊరు. అలాంటి ఊళ్లలో పగలు వకీలు, గుమాస్తా, పంతులు అయినవారే రాత్రి అర్జునుడు, నారదుడు, భవానీశంకరుడు అయ్యేవారు. మన వై.ఎం.హెచ్.ఎ. హాలులో నాటకాలు చూడని ఏలూరు మనిషి మా తరంలో ఉండడు. నాటకం అన్నది ఉద్యోగస్థుడి రెండవ ప్రాణం.

ఇక్కడ ఆనాటి నాటకం ఎలా నడిచేదో కొంచెం చెప్పాలి. లేకపోతే బందా వారు చేసిన పని విలువ నేటివారికి తెలియదు. అవి కాంట్రాక్టు నాటకాల రోజులు. కాంట్రాక్టరు ఒక ఊరి నుంచి కృష్ణుణ్ణి, ఇంకొక ఊరి నుంచి అర్జునుణ్ణి, మరొక ఊరి నుంచి సత్యభామను పిలిపించేవాడు. వారు రైలు దిగి, భోజనం చేసి, నేరుగా రంగు పూసుకొనేవారు. కలిసి రిహార్సలు చేసిన పాపాన పోలేదు. తెరలు అద్దెకు వచ్చేవి. దర్బారు తెర, వీధి తెర, అడవి తెర, తోట తెర, ఈ నాలుగింటితోనే అన్ని నాటకాలూ గడిచిపోవాలి. హార్మోనిస్టు పట్టు ఇచ్చాడంటే నటుడు రాగం అందుకొని, ఒక్క పద్యాన్ని పావుగంట సాగదీసేవాడు. జనం వన్స్ మోర్ అంటే, చనిపోయిన పాత్ర కూడా లేచి పద్యం పాడి మళ్లీ చనిపోయేది. ఇందులో గొప్ప గాయకులు ఉన్నారు, కాదనను. గొప్ప నాటకం మాత్రం అరుదు. తెర లాగేవాడికి, దీపాలవాడికి కథలో ఎక్కడ ఏం జరుగుతుందో తెలిసే అవకాశమే లేదు.

అటువంటి కాలంలో బందా వారు పేరు తెచ్చుకొన్నారు. కాళ్లకూరి నారాయణరావు గారి చింతామణిలో బిల్వమంగళుడుగా, ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి చిత్రనళీయంలో బాహుకుడుగా వారికి సాటి లేదనిపించుకొన్నారు. ఆ రెండు పాత్రలను చూడండి. ఒకడు సకల శాస్త్రాలూ చదివి మోహంలో పడి దిగజారినవాడు. రెండవవాడు నలచక్రవర్తి అయి ఉండీ, కర్కోటకుడి కాటుతో కురూపిగా మారినవాడు. పైకి కనిపించే రూపం ఒకటి, లోపల మనిషి ఒకడు. కేవలం కంఠం ఉంటే ఈ పాత్రలు నిలబడవు. బందా వారు రాగం కోసం పద్యాన్ని బలి ఇవ్వలేదు. అర్థం తెలిసేటట్టు, పాత్ర మనసు తెలిసేటట్టు పద్యం చదివి, అవసరమైనంత మేరకే పాడారు. మా నాన్నగారు వారి బిల్వమంగళుణ్ణి చూశారు. ఆ నాటకం గురించి ముసలితనంలో చెప్పేటప్పుడు కూడా ఏ రాగం పాడారో చెప్పేవారు కాదు, బిల్వమంగళుడు ఎంత సిగ్గుపడ్డాడో చెప్పేవారు. నటుడికి అంతకన్నా సర్టిఫికెట్ ఏముంటుంది?

సినిమా కూడా వారిని పిలిచింది. 1937లో పి. పుల్లయ్య గారి సారంగధర, 1942లో జెమినీ వారి బాలనాగమ్మ. బాలనాగమ్మలో కాంచనమాల సరసన కార్యవర్ధి రాజు వేషం. ఆ చిత్రం ఎంత విజయం సాధించిందో పెద్దలందరికీ తెలుసు. సినిమాకు వెళ్లిన రంగస్థల నటులు చాలామంది మద్రాసులోనే ఉండిపోయారు. బందా వారి మనసు మాత్రం నాటకం మీదనే నిలిచింది.

ఈ మధ్యలో 1938లో వారు ఏలూరులో ప్రభాత్ థియేటర్ అనే నాటక సంస్థను స్థాపించారు. నా దృష్టిలో వారి జీవితంలో అసలు మలుపు ఇదే. పేరున్న నటుడికి కాంట్రాక్టు నాటకాలు చాలు. వెళ్లాడు, పాడాడు, డబ్బు తీసుకొన్నాడు, వచ్చాడు. సొంత సంస్థ అంటే తెర, దీపం, దుస్తులు, రంగు, హార్మోనియం, చిన్నవేషంవాడి భోజనం కూడా తన నెత్తి మీదకు వస్తాయి. కాని దాని వల్ల వచ్చే లాభం ఒక్కటుంది. అదే మనుషులు మళ్లీ మళ్లీ కలిసి పనిచేస్తారు. నటుడు ఎక్కడ ఆగుతాడో హార్మోనిస్టుకు తెలుస్తుంది. ఏ మాటకు తెర పడాలో తెర లాగేవాడికి తెలుస్తుంది. నాటకం ఒక్కడి కచేరీ కాకుండా పదిమంది పని అవుతుంది. తర్ఫీదు అన్నది అక్కడే పుడుతుంది.

ఈ మాట ఎంత నిజమో నాకు నా తప్పు వల్లనే తెలిసింది. 1970 తర్వాతి రోజులు. మా ఉద్యోగులం ఒక పరిషత్తు పోటీకి నాటకం తయారు చేశాం. అందులో తుఫాను రాత్రి. ఉరుముకు పెద్ద రేకు వేలాడదీసి ఊపాలి. వానకు చేటలో కందులు పోసి అటూ ఇటూ ఆడించాలి. మెరుపుకు దీపం ఒక్క క్షణం వెలిగించి ఆర్పాలి. దీపాల వెలుగు తగ్గించడానికి ఈనాటి పరికరాలు మాకు లేవు. జాడీలలో ఉప్పునీళ్లు పోసి, అందులో లోహపు బిళ్లలు ఉంచి, పై బిళ్లను దించితే వెలుగు పెరిగేది, ఎత్తితే తగ్గేది. చెయ్యి జారితే ప్రాణానికే ముప్పు. ఆ పని చూసిన మిత్రుడు కరెంటు పనిలో ఆరితేరినవాడు. నేను రేకు దగ్గర ఉన్నాను. తండ్రి చనిపోయాడని కొడుక్కి తెలిసే ఘట్టం. నేను కంగారులో మెరుపు రాకముందే ఉరుము ఉరిమించాను. హాలంతా గొల్లుమంది. ఏడవవలసిన చోట జనం నవ్వారు. ప్రధాన నటుడు మూడు నెలలు పడిన శ్రమ నా ఒక్క చేతి తొందరలో పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు శిక్ష అయింది.

మర్నాడు మాకు నాటకం నేర్పే మాష్టారు నాకొక నోటుపుస్తకం ఇచ్చి, ఏ మాట తర్వాత ఏ పని, ఎన్ని అంకెలు లెక్కపెట్టాక, అన్నీ వరుసగా రాయించారు. కచేరీలో తపాలా రిజిస్టరు రాసినట్టే రాశాను. ఆ తర్వాత నా ఉరుము ఎప్పుడూ తప్పలేదు. మాష్టారు ప్రభాత్ థియేటర్ నాటకాలు చూసిన తరం మనిషి. బందా వారి పేరు ఎత్తితే కూర్చున్నవారు లేచి నిలబడేవారు. నేను బందా వారిని చూడలేదు గాని, వారి కాలపు క్రమశిక్షణ ఆ నోటుపుస్తకం రూపంలో నా చేతికి వచ్చిందని నా నమ్మకం.

ఇక వారి చివరి దశాబ్దం. ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ ఏర్పడిన తర్వాత బందా వారు తన శక్తిని కూచిపూడి వైపు మళ్లించారు. అది నాటకం వదిలి నృత్యానికి వెళ్లడం కాదు. కూచిపూడి మొదట భాగవతుల నాటకం. అందులో రంగస్థల విద్య ఎంత ఉందో చూడండి. ఇద్దరు పట్టుకొన్న ఒక్క తెర, ఆ తెర మీదుగా సత్యభామ వేసే జడ. ఆ జడతోనే పాత్ర స్వభావం మొత్తం తెలిసిపోతుంది. ఇటు అటు దివిటీలు. ఉగ్రపాత్ర ప్రవేశించేటప్పుడు దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున లేచే మంట. కరెంటు లేని కాలంలో ఇంతకన్నా మంచి లైటింగ్ ఎవరు చేశారు? భరతుడు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని నాలుగు చేశాడు. వేషం, రంగు, అలంకరణ అన్నీ ఆహార్యం కిందకే వస్తాయి. తెర వెనుక పని కూడా అభినయమే అని శాస్త్రం ఏనాడో ఒప్పుకొంది.

అయితే ఈ విద్య అంతా కొన్ని కుటుంబాలలో, తండ్రి నుంచి కొడుకుకు, అదీ మగవారికే వచ్చేది. కుటుంబంలో ఒక తరం పట్నం ఉద్యోగానికి వెళితే అక్కడితో తెగిపోతుంది. 1950ల చివర కూచిపూడి గ్రామంలోనే సిద్ధేంద్ర కళాక్షేత్రం నెలకొనడానికి బందా వారు ముఖ్య కారకులు. చింతా కృష్ణమూర్తి గారి వంటి సంప్రదాయజ్ఞులు అక్కడ పాఠం చెప్పారు. ఇంటి విద్య బడి విద్య అయింది. కూచిపూడిని శాస్త్రీయ నృత్యంగా నిలబెట్టే వాదనలోనూ వకీలు గారు తన వకాల్తా తానే పుచ్చుకొన్నారు. 1959లో హైదరాబాదులో కూచిపూడి గురించి జరిగిన సదస్సు వెనుక వారి కృషి ఉంది.

1964లో కేంద్ర సంగీత నాటక అకాడమీ వారు తెలుగు నాటక నటనకు బందా వారికి పురస్కారం ఇచ్చారు. 1968 డిసెంబరు 3న వారు కాలధర్మం చెందారు. అప్పటికి 61 సంవత్సరాలు. ఆనాడు నేను తాడేపల్లిగూడెంలో చదువుకుంటున్నాను. పేపరులో చూసి నాన్నగారికి చెప్పబోతే, ఆయన అప్పటికే విని, అరుగు మీద మౌనంగా కూర్చుని ఉన్నారు.

మిత్రులారా, ఆ తర్వాత ఏమైందో చెప్పి ముగిస్తాను. 1983లో రాష్ట్ర అకాడమీలను ప్రభుత్వం రద్దు చేసింది. బందా వారికి పేరు తెచ్చిన చింతామణి నాటకాన్ని 2022 జనవరిలో ప్రభుత్వం నిషేధించింది. కాళ్లకూరి వారు దురాచారాన్ని ఖండించడానికి రాసిన నాటకంలో, కాలక్రమేణా రాయని మాటలు చేరి, ఒక కులం వారి మనసు నొచ్చుకొనే స్థితికి తెచ్చాయి. రచయిత మాటను కాపాడే క్రమశిక్షణ తప్పితే ఏమవుతుందో అదొక పాఠం. ప్రభాత్ థియేటర్ తెరలు ఈనాడు లేవు. బిల్వమంగళుణ్ణి చూసిన కళ్లు కూడా దాదాపు లేవు. కళాక్షేత్రం మాత్రం అకాడమీ పోయినా పోలేదు, తెలుగు విశ్వవిద్యాలయం కిందకు చేరి నిలిచింది. అక్కడ నేర్చుకొన్నవారు మరొకరికి నేర్పుతున్నారు. చప్పట్లు తెచ్చినది పోయింది. నేర్పినది మిగిలింది.

మా జాడీల డిమ్మరు మిత్రుడు కొన్నేళ్ల క్రితం పోయారు. ఆయన చేతిలోని లెక్క, ఏ దృశ్యానికి ఎంత వెలుగో ఆ లెక్క, ఎవరికీ అందలేదు. అడిగి రాసుకోవలసిన వాణ్ణి నేనే. రేపు, ఎల్లుండి అనుకొన్నాను. ఆ బాధ తోనే గత ఏడాది మా ఊరి పిల్లలు వార్షికోత్సవానికి నాటకం వేస్తుంటే వెళ్లి, నా పాత నోటుపుస్తకం వారి ముందు పెట్టాను. ఇప్పుడు ఉరుము ఫోనులోంచి వస్తుంది, రేకు అక్కరలేదు. కాని ఏ మాట తర్వాత రావాలో ఫోనుకు తెలియదు గదా! ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి ఆ లెక్క నాలుగు రోజులలో పట్టుకొంది. మెరుపు వచ్చాకే ఉరిమించింది.

మనలో కొలతలు తెలిసిన సర్వేయర్లు, ఖాతాలు తెలిసిన అకౌంటెంట్లు, నీటి లెక్కలు తెలిసిన లస్కర్లు ఉన్నారు. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి మనం బతికి ఉన్నామని ఏటా నిరూపించుకుంటున్నాం. దానితోపాటు తెలిసిన పని ఒక్కటి, ఒక్కరికైనా నేర్పి పోదాం. బందా వారికి మనం చేయగల నివాళి ఇదేనని నా మనవి.

సెలవు.