మాడపాటి హనుమంతరావు పంతులుగారు

కృష్ణామండలమున 1885లో జనించిన మాడపాటి హనుమంతరావు పంతులుగారు హైదరాబాదున వకీలుగా స్థిరపడిరి. మూసీకి దక్షిణమున పాతబస్తీలోని హైకోర్టు మొదలు తాలూకా కచ్చేరీలవఱకు వ్యవహారము ఉర్దూలో సాగిన కాలమది. పంతులుగారు ఉర్దూ, పారసీకములయందు నిష్ణాతులు. వానిపై వారికి ద్వేషము లేదు. అయినను, ఇంట తెలుగే వినెడి పసిపిల్లకు బడిలో లెక్కలు సైతము ఉర్దూలో చెప్పినచో పాఠము పలకమీదికి వచ్చునేగాని బుద్ధికెక్కదు.

1921 నవంబరులో కార్వేగారి అధ్యక్షతను నగరమున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా కొందఱు గేలిచేసిరి. ఆ రాత్రియే ఆంధ్రజనసంఘము పుట్టెను. పంతులుగారు దానికి ప్రాణమైరి. 1928లో వారి పూనికతో తెలుగు బోధనభాషగా బాలికల పాఠశాల వెలసెను.

చిక్కంతయు పరీక్షలకడ వచ్చినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలోనిది. తెలుగుబడికి అచ్చట గుర్తింపు లభింపలేదు. గుర్తింపులేని చదువునకు కూతును పంపు తండ్రులెందఱు? పంతులుగారు తెలుగును విడువక, కార్వేగారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమునకు బడిని అనుబంధించి, ఆ పరీక్షలకే బాలికలను పంపిరి. నాటి సభలో తెలుగునకు జరిగిన అవమానమును కన్నులార చూచిన పెద్దమనిషి సంస్థయే ఇట్లు దిక్కగుట చిత్రము.

పంతులుగారు 1951లో నగరమునకు తొలి మేయరైరి, 1970లో గతించిరి. నారాయణగూడలోని ఆ బడికి వారి పేరే నిలిచినది.