జాన్ మెర్మోజ్

జాన్ మెర్మోజ్ (డిసెంబర్ 9, 1901 - డిసెంబర్ 7, 1936) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ వైమానికుడు. ఐరోపా, దక్షిణ అమెరికాల మధ్య విమాన టపాకు మార్గం వేసినవారిలో అగ్రగణ్యుడు.

తొలి జీవితము

మెర్మోజ్ ఉత్తర ఫ్రాన్సులోని ఓబాంతోన్‌లో జన్మించాడు. 1920లో సైన్యంలో చేరి విమానం నడపడం నేర్చుకొని, సిరియాలో పనిచేశాడు. 1924లో తులూజ్ నగరంలోని లాటెకోయెర్ టపా విమాన సంస్థలో చేరాడు. 1926లో సహారా ఎడారిలో మూరు తెగలవారికి బందీగా చిక్కి, సొమ్ము చెల్లించిన పిమ్మట విడుదలయ్యాడు.

సముద్రంపై టపా

ఏరోపోస్తాల్‌గా పేరు మారిన ఆ సంస్థ 1928 మార్చిలో తులూజ్ - బ్యూనస్ ఎయిర్స్ టపా మార్గాన్ని ప్రారంభించింది. అయితే ఆఫ్రికా తీరం నుండి బ్రెజిల్‌కు ఉత్తరాలు ఓడలోనే వెళ్ళేవి. దక్షిణ అమెరికాలో రాత్రిపూట సైతం విమానం నడిపి మెర్మోజ్ ఆదా చేసిన గంటలకు, ఓడలో గడిచే నాలుగైదు రోజుల ముందు విలువ లేకపోయింది.

1930 మే 12న మెర్మోజ్, దాబ్రీ, జిమియే అనే ఇద్దరు సహచరులతో సెనెగల్‌లోని సెయింట్ లూయీ నుండి బయలుదేరి, మరునాడు బ్రెజిల్‌లోని నటాల్ చేరాడు. 3,000 కి.మీ. పైబడిన ఈ ప్రయాణానికి సుమారు 21 గంటలు పట్టింది. విమానం లాటెకోయెర్ 28. చక్రాలకు బదులు తేలుడు పడవలు అమర్చినది. దానికి ఉన్నది ఒకే ఇంజను. జూలైలో తిరుగు ప్రయాణంలో చమురు కారిపోయి సముద్రంపై దిగవలసి వచ్చింది. మనుషులు, ఉత్తరాలు ఓడలోకి చేరారు గాని విమానం మునిగిపోయింది.

ఆర్క్ ఆన్ సియెల్

ఒక ఇంజను ఆగినా ఎగరగల విమానమే దీనికి పరిష్కారమని తేలింది. యువ ఇంజనీరు రెనే కూజినే రూపొందించిన కూజినే 70 అటువంటిదే. దీనిపేరు ఆర్క్ ఆన్ సియెల్, అనగా ఇంద్రధనుస్సు. దీనికి మూడు ఇంజన్లు. రెక్కలు ఎంత మందమైనవంటే, విమానం ఎగురుతుండగానే మెకానిక్ వాటి లోపల పాకుతూ పోయి ఇంజన్లను చూడగలిగేవాడు. 1933 జనవరి 16న మెర్మోజ్ దీనిని నటాల్‌కు 14 గంటల 27 నిమిషాలలో చేర్చాడు. కూజినే కూడా అందులో ఉన్నాడు. మే నెలలో తిరిగివచ్చేటపుడు ఒక ఇంజను చెడినా విమానం ఆఫ్రికా తీరం చేరింది. 1930 నాటి ప్రమాదంతో పోల్చిచూస్తే ఈ రెండవ ప్రయాణమే ఎక్కువ విలువైనదని చెప్పాలి.

మరణము

1936లో మెర్మోజ్ కర్నల్ దె లా రోక్ జాతీయవాద పార్టీకి ఉపాధ్యక్షుడయ్యాడు. ఇతని కీర్తిని చెప్పేవారు ఈ సంగతిని తరచు దాటవేస్తారు.

అదే ఏడాది డిసెంబర్ 7 ఉదయం నాలుగు ఇంజన్ల లాటెకోయెర్ 300 "క్రువా దు సూద్"లో టపాతో డాకర్ నుండి బయలుదేరాడు. ఒక ప్రొపెల్లరులో లోపం కనబడి వెనుకకు వచ్చి, మరమ్మతు చేయించి మళ్ళీ ఎగిరాడు. వెనుక వైపు కుడి ఇంజనును ఆపుతున్నామని 10 గంటల 47 నిమిషాలకు రేడియోలో వార్త అందింది. తరువాత ఏ కబురూ లేదు. మెర్మోజ్ తోపాటు నలుగురు సిబ్బంది గల్లంతయ్యారు. విమానం జాడ దొరకలేదు.