ప్లేగు టీకా.. తొలి సూది ఆయన ఒంటికే!

కొవిడ్ టీకా రెండో డోసు వేస్తున్న రోజులవి. కరీంనగర్ దగ్గరి ఓ పల్లె నుంచి వచ్చిన బీడీ కార్మికురాలు నన్నో మాట అడిగింది. మొదటి డోసుకు రెండు రోజులు జ్వరం వచ్చి బీడీలు చుట్టలేకపోయిందట. మళ్లీ జ్వరమొస్తే ఆ కూలి ఎవరిస్తారని ఆమె ప్రశ్న. టీకా ఎందుకు వేసుకోవాలో చెప్పగలిగాను గానీ, కూలి సంగతికి నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం నాకు గుర్తొచ్చిన పేరు వాల్డెమార్ హాఫ్‌కిన్. ముంబైలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ పేరు మీరు వినే ఉంటారు. ఆ పేరు వెనకున్న మనిషి కథ ఇది.

పుస్తకాల మధ్య నుంచి..

హాఫ్‌కిన్ 1860లో నేటి ఉక్రెయిన్‌లోని ఒడెస్సాలో ఓ యూదు కుటుంబంలో పుట్టారు. యూదుడు కావడంతో అక్కడ ప్రొఫెసర్ అయ్యే దారి మూసుకుపోయింది. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళితే లైబ్రరీలో సహాయకుడి ఉద్యోగం దొరికింది. అక్కడే ల్యాబ్‌లో పరిశోధన చేసి కలరా టీకా తయారుచేశారు. 1892 జులైలో దాన్ని మొదట తానే వేయించుకున్నారు. మరుసటి ఏడాది మన దేశానికి వచ్చి, రెండేళ్లకు పైగా తిరిగి 40 వేల మందికి పైగా టీకా వేశారు.

కలకత్తా బస్తీల్లో ఆయన పద్ధతి చూడండి. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే నీళ్లు తాగేవారిలో టీకా వేసుకున్నదెవరు, వేసుకోనిదెవరు, కలరా ఎవరికొచ్చిందని పోల్చి రాసుకునేవారు. ఇవాళ ఏ టీకానైనా వైద్యులు నమ్మేది ఇలాంటి పోలికలు చూశాకే.

ఊరు ఖాళీ.. మిల్లు ఖాళీ

1894లో హాంకాంగ్‌ను కుదిపేసిన ప్లేగు 1896లో బొంబాయికి చేరింది. ఓడల వెంట రేవు నుంచి రేవుకు పాకి ఖండాలు చుట్టిన మహమ్మారి అది. మన దేశంలోనే కొన్ని దశాబ్దాల్లో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. కొద్ది నెలల్లోనే బొంబాయి జనంలో దాదాపు సగం మంది ఊరు విడిచారు. బట్టల మిల్లులు కూలీల కోసం పోటీపడ్డాయి. నెల జీతాలు పోయి, ఏ రోజు కూలి ఆ రోజే ఇవ్వాల్సి వచ్చింది.

ఆ నగరంలో కామాఠీపుర అనే పేట ఉంది. నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకు వెళ్లిన కామాఠీల వల్లే దానికా పేరు. అంటే ప్లేగు తిరిగిన ఆ ఇరుకు గల్లీల నగరంలో మన తెలుగు కూలీలూ ఉన్నారన్నమాట.

1897 ఫిబ్రవరిలో ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. పుణెలో సైనికులు ఇళ్లలోకి చొరబడి సోదాలు చేశారు. జనం రగిలిపోయారు. జూన్‌లో ప్లేగు అధికారి రాండ్‌పై కాల్పులు జరిగి ఆయన చనిపోయారు. 2020 మార్చిలో కరీంనగర్‌లో వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగినప్పుడు మన రాష్ట్రంలో అమలు చేసిందీ ఆ 1897 చట్టాన్నే.

ఒక గది, నెయ్యి చుక్కలు

1896 అక్టోబరులో బొంబాయి చేరిన హాఫ్‌కిన్‌కు గ్రాంట్ మెడికల్ కాలేజీలో దక్కింది ఒక చిన్న గది, వరండా. సాయానికి ఒక గుమాస్తా, ముగ్గురు ప్యూన్లు. మాంసం రసంపై నెయ్యి చుక్కలు తేలేలా చేసి, వాటిని పట్టుకుని పెరిగే ప్లేగు క్రిములను వేడితో చంపి టీకా చేశారు. 1897 జనవరి 10న మామూలు కంటే ఎక్కువ మోతాదు తానే వేయించుకుని, జ్వరంతో మూలిగారు. నెలాఖరుకు బైకల్లా జైలులో ప్లేగు మొదలైతే, ముందుకొచ్చిన సుమారు 150 మంది ఖైదీలకు వేశారు. వేసే నాటికే జబ్బు పట్టిన కొద్దిమందిని పక్కనపెడితే, టీకా వేసుకున్నవారిలో వ్యాధి చాలా తక్కువ మందికే వచ్చింది. వద్దన్నవారిలో మరణాలూ సంభవించాయి.

జనంలో జంకు తగ్గించడానికి ఆగాఖాన్ తన అనుచరుల ముందు టీకా వేయించుకున్నారు. అయినా ఒక ఇబ్బంది మిగిలింది. ఈ టీకాకు జ్వరం గట్టిగానే వచ్చేది. మంచం పడితే పస్తుండే కూలీకి అది చిన్న విషయం కాదు.

ఒక్క సీసా

1902 అక్టోబరులో పంజాబ్‌లోని ముల్కోవాల్ గ్రామంలో ఒకే సీసాలోని మందు వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. అదే రోజు మిగతా సీసాల మందు వేయించుకున్నవారికి ఏమీ కాలేదు. సీసా తెరిచేటప్పుడు సహాయకుడి చేతి నుంచి పటకారు నేలపై పడింది. దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడారు. తప్పు మాత్రం ల్యాబ్‌దేనని తేల్చి హాఫ్‌కిన్‌ను పదవి నుంచి తప్పించారు.

ఆయన తరఫున నిలబడింది రోనాల్డ్ రాస్. 1897లో మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన డాక్టరే ఆయన. రాస్, మరికొందరు శాస్త్రవేత్తలు పత్రికాముఖంగా నిలదీశాక 1907లో గానీ నింద తొలగలేదు. తిరిగి ఉద్యోగమిచ్చి కలకత్తాకు పంపినా మునుపటి పని చేతికి రాలేదు. 1925లో బొంబాయి ల్యాబ్‌కు ఆయన పేరు పెట్టారు. 1930లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో కన్నుమూశారు.

ఆదిలాబాద్ గూడేల్లో క్యాంపులకు వెళ్లినప్పుడు నేనూ చూశాను. సూది తర్వాత పక్క ఊళ్లో ఎవరో పోయారన్న మాట వస్తే చాలు, మరుసటి వారం ఒక్కరూ రారు. గదమాయిస్తే ఇంకా దూరమవుతారు. ఏం జరిగిందో కనుక్కుని, ఉన్నది ఉన్నట్టు చెబితేనే మళ్లీ తలుపు తీస్తారు.

మీరేం చేయొచ్చు?

టీకా తర్వాత ఒకట్రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు మామూలే. ఆయాసం, ముఖం వాపు, తగ్గని జ్వరం ఉంటే వెంటనే ఆసుపత్రికి రండి. గతంలో ఏ టీకాకైనా ఎలర్జీ వచ్చి ఉంటే ముందే చెప్పండి. మరో మాట. మీ ఇంట్లో పనిచేసే ఆమెకు, మీ డ్రైవర్‌కు, దుకాణంలో కుర్రాడికి టీకా రోజూ, మర్నాడూ జీతం కోయకుండా సెలవివ్వండి.

ఆ బీడీ కార్మికురాలు ఏం చేసిందంటారా? తోడికోడలితో మాట్లాడుకుంది. వారం తేడాతో ఇద్దరూ వేయించుకున్నారు. ఒకరు జ్వరంతో పడుకుంటే, కార్ఖానాలో అప్పజెప్పాల్సిన ఆమె బీడీలు కూడా రెండో ఆమె చుట్టింది.