దోర్నకల్ అజరయ్య గారు

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసి పంపమని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. కూచిపూడి వాణ్ణి కనుక సిద్ధేంద్రయోగి గురించి రాస్తానని అనుకుని ఉంటారు. ఆయన గురించి రాయగలవారు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. నేను మా పేటలో పెద్దలు తరచుగా తలచుకునే మరొకాయన గురించి రాస్తాను. ఆయన దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. ఆయన పోయాక అయిదేళ్లకు పుట్టాన్నేను. చూసింది మా నాయనమ్మ. నేను విన్నదీ, చదివిందీ కలిపి రాస్తున్నాను.

అజరయ్య గారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లాలో ఒక పల్లెలో పుట్టారు. తండ్రి పాదిరి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని డిగ్రీ చేతికి రాలేదు. (తర్వాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు గౌరవ డాక్టరేటు ఇచ్చారు, అది వేరే సంగతి.) 1895 నుంచి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణాదంతా తిరిగారు. 1902లో జాఫ్నా వెళ్లి, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో పరాయి ప్రాంతాలకు సేవకులను పంపడం చూశారు. మన దేశంలో ఆ పని ఎందుకు జరగడం లేదన్న ఆలోచన ఆయన్ని పట్టుకుంది. మరుసటి ఏడే తిరునల్వేలిలో ఒక మిషనరీ సంఘం, 1905లో శ్రీరాంపురంలో జాతీయ స్థాయిలో మరొకటి ఏర్పడ్డాయి. రెండింటికీ మూలపురుషుల్లో ఆయన ఒకరు.

మందిని పంపడంతో ఆయనకు తృప్తి కలగలేదు. 1909లో పాదిరిగా అభిషేకం పొంది, ఉన్న ఉద్యోగం వదులుకుని, నైజాం ఇలాకాలోని దోర్నకల్‌కు తానే వచ్చారు. అప్పటికి ముప్పయ్యయిదేళ్లు. తెలుగు అక్షరాలు దిద్దుకోవలసిన స్థితి. హెడ్డాఫీసులో కుదురుగా ఉన్నవాడు కోరి ఏజెన్సీకి బదిలీ చేయించుకోవడమంటే ఏమిటో మన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడుతూ, దొరలు మాకు ఎంతో ఇచ్చారు గాని మాతో స్నేహం మాత్రం చేయలేదని మొహమాటం లేకుండా చెప్పేశారు. కొందరికి కోపం వచ్చింది. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1841లో నోబుల్, ఫాక్స్ దొరలు మచిలీపట్నంలో మొదలుపెట్టిన మా కృష్ణా ప్రాంతపు సంఘాలు 1920ల తొలినాళ్లలో ఆయన అధికారం కిందికి వచ్చాయి.

ఇక అసలు సంగతి. ఆయన దగ్గరికి వేలకొద్దీ వచ్చినవారు మాల, మాదిగ పేటలవారు. తరాలుగా ఒకరి హద్దుల్లో బతికినవారికి, మీరిక స్వేచ్ఛ గలవారు అని చెప్పారు. బాగానే ఉంది. మరి ఆ స్వేచ్ఛ గలవాడు చచ్చిన గొడ్డు మాంసం తినవచ్చునా? కల్లు తాగవచ్చునా? తిండి వల్ల మనిషి చెడడని వేదంలోనే ఉంది గదా! ఈ పేచీ పాతదే. విగ్రహాలకు పెట్టిన మాంసం తినవచ్చునా అని కొరింథు సంఘంవారు కొట్టుకున్నప్పుడు పౌలు తేల్చిందేమంటే, తినే హక్కు నీకుంది, అయితే నిన్ను చూసి బలహీనుడైన నీ సోదరుడు పడిపోయేటట్టయితే ఆ హక్కును వాడుకోవద్దని. అజరయ్య గారి దారీ అదే అని నాకు తోస్తుంది. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలతో పోరాడమని ఊరూరా చెప్పేవారు. బాప్తిస్మం పుచ్చుకున్నవారు చచ్చిన గొడ్డు మాంసం మానేశారు.

ఇది నాకు పుస్తకాల్లో చదివితే అర్థం కాలేదు. 1980ల్లో నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా ఉన్నప్పుడు ఒక బదిలీ విందులో గ్లాసు బీరు పుచ్చుకున్నాను. నాకది వ్యసనం కాదు, చట్టం కాదనేదీ కాదు. ఆ విందులో వడ్డించిన అటెండరు మా చర్చి అబ్బాయే. సారా మానేసి రెండేళ్లయింది. సంఘంలో పెద్దనైన నేనే పుచ్చుకున్నాక తనకేం అడ్డమనుకున్నాడు. ఆ నెల జీతం ఇంటికి చేరలేదు. అతని భార్య చంటిబిడ్డతో మా ఇంటికి వచ్చి మా ఆవిడ దగ్గర శేరు బియ్యం అప్పు తీసుకుని వెళ్లింది. నన్ను ఒక్క మాట అనలేదు. అతను మళ్లీ మనిషి కావడానికి నాలుగేళ్లు పట్టింది. నేను ఆ తర్వాత గ్లాసు ముట్టలేదు గాని, అతని నాలుగేళ్లు తిరిగి ఇవ్వలేకపోయాను.

కులం సంగతి ఇంకా గట్టిది. క్రైస్తవులయ్యాక కూడా మాలలు మాదిగలతో కలిసి తినడానికి ఒప్పుకునేవారు కారు. అజరయ్య గారు ఇందులో బలహీనుడి మనస్సు నొచ్చుకుంటుందని వెనక్కి తగ్గలేదు. సంస్కారంలో అందరికీ ఒకటే గిన్నె, బడిలో అందరికీ ఒకటే పంక్తి. తిండి విషయంలో హక్కు వదులుకోమన్న మనిషి ఇక్కడ వంగకపోవడం నాకు చాలాకాలం తిరకాసుగా కనిపించింది. తర్వాత తోచింది: అక్కడ వదులుకునేది తన సుఖం, ఇక్కడ వదిలేస్తే పోయేది పక్కవాడి గౌరవం.

పేటలవారి నడవడిలో మార్పు చూసి, 1930ల నాటికి పైకులాలవారు కూడా కొందరు సంఘంలో చేరారు. ఒకప్పుడు ఎనిమిది వేలు ఉన్న సంఘం రెండు లక్షలు దాటింది.

ఆయన అన్నీ మానమన్నవారు కారు. చెప్పులు విడిచి నేలమీద కూర్చుని ఆరాధించడం, తెలుగు కీర్తనలు, కోతపండుగలకు కోలాటం అన్నీ ఉండనిచ్చారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కెథడ్రల్ చూడండి, గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి కనిపిస్తాయి. భాగవతులు ఆడే ఊళ్లో పుట్టినందువల్ల కాబోలు, నాకు ఆయన మీద ఇందుకే మరింత ఇష్టం.

1932లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామంటే, అలా వేరుపడితే మనమూ ఒక కులమైపోతామని వద్దన్నారు. మనవాళ్లకే వచ్చే లాభాన్ని కాదనడం కొందరికి మింగుడుపడలేదు. సామూహిక బాప్తిస్మాల విషయంలో మాత్రం గాంధీగారితో విభేదించారు, తన మాట మార్చుకోలేదు. ఎవరు నొచ్చుకున్నా పేదవాడికి తన మతం తాను ఎంచుకునే హక్కు ఉండాలన్నదే ఆయన పక్షం. ఇందులో ఇద్దరి వైపూ న్యాయం ఉందని నా అభిప్రాయం. మన సభ్యుల్లో ఒప్పుకోనివారు ఉంటారు, వచ్చే సమావేశంలో మాట్లాడుకుందాం.

మా నాయనమ్మ చెప్పినదొకటి. కొత్తగా బాప్తిస్మం పుచ్చుకున్నవారిని తమ చెయ్యి తమ నెత్తినే పెట్టుకుని, నేను సువార్త చెప్పకపోతే నాకు కీడు అని ఒట్టు వేయించేవారట. ఆమె చదువు రాని మనిషి. ఊళ్లో పెద్ద రైతుల ఇళ్లకు నాట్లకు వెళ్లినప్పుడు కూలి కొలతలో మోసం చేస్తే, ఆ ఒట్టు గుర్తుకొచ్చి తిట్టు నోట్లోనే మింగేసేదట. ఆ మాట చెప్పి నవ్వేది. అది ప్రేమో, నిస్సహాయతో నేను తేల్చుకోలేకపోయాను.

సంఘాలన్నీ ఏకం కావాలని 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశంలో అజరయ్య గారు ముఖ్యులు. అక్కడి నుంచి కమిటీలు, ముసాయిదాలు, అభ్యంతరాలు, మళ్లీ ముసాయిదాలు. మన శాఖలో కూడా ఇంతకాలం నడిచిన ఫైలు నేనెరగను. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లో కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది.