యంత్రానికి వ్యాఖ్యాత – కార్లో అబార్త్

కావ్యాన్ని రచించినవాడు కవి. ఆ కావ్యంలోని సొబగును పాఠకునికి అందించేవాడు వ్యాఖ్యాత. మన మెదకుసీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి ప్రధానంగా వ్యాఖ్యాత. అయినా కాళిదాసు కావ్యాలను శ్రద్ధతో చదువదలచిన విద్యార్థి నేటికీ ఆయనను ఆశ్రయింపక తప్పదు. ఇతరుల సృష్టికి మెరుగులు దిద్దడం కూడా ఒక సృష్టియే అనడానికి సాహిత్యరంగంలో ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. యంత్రరంగంలో అటువంటి సాక్ష్యాన్ని వెదకినప్పుడు మాకు స్ఫురించే పేరు కార్లో అబార్త్. ఇతరులు తయారుచేసిన సామాన్యమైన కార్లను తీసుకొని, వాటి శక్తిని, వేగాన్ని ఇనుమడింపజేసి లోకప్రసిద్ధి పొందిన ఈయన జీవితాన్ని మా విద్యార్థుల కొరకు సంగ్రహంగా వివరిస్తున్నాము.

అబార్త్ 1908 నవంబరు 15వ తేదీన ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కార్ల్. యౌవనంలో మోటారుసైకిలు పందేలలో పాల్గొని పేరు తెచ్చుకున్నారు. ఒక పందెంలో తీవ్రంగా గాయపడిన పిదప ఆయన పక్కబండి జోడించిన మోటారుసైకిలు వైపు దృష్టి మరల్చి, దానిని తన సొంత ఆలోచనతో తీర్చిదిద్దుకున్నారు. 1934లో వియన్నా నుండి బెల్జియం తీరంలోని ఆస్టెండ్ వరకు, సుమారు 1300 కిలోమీటర్ల మార్గంలో, సుప్రసిద్ధమైన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైలుతో పోటీపడి దానిని ఓడించారు. ఆ దినాలలో ఆ రైలు ఐరోపా వైభవానికి చిహ్నం. మూడు చక్రాల బండిపై ఒక యువకుడు దానిని మించిపోవడం పత్రికలకు మంచి వార్త అయింది.

తరువాత యుగోస్లావియాలో జరిగిన మరొక ఘోర ప్రమాదం ఆయన పందేల జీవితానికి తెర దించింది. రెండవ ప్రపంచ యుద్ధకాలాన్ని లుబ్లియానా నగరంలో గడిపి, యుద్ధం ముగిసిన వెంటనే ఇటలీలోని మెరానో పట్టణం చేరుకున్నారు. కార్ల్ అనే పేరు కార్లో అయింది. దేశం మారింది, భాష మారింది, చేతిలో ధనం లేదు. మిగిలినది యంత్రజ్ఞానం ఒక్కటే.

ఆ జ్ఞానమే ఆయనను ట్యూరిన్ నగరంలోని చిసిటాలియా అనే పందెపు కార్ల సంస్థకు చేర్చింది. దాని యజమాని పియెరో దూసియో మహా సాహసి. పోర్షే సంస్థ రూపకల్పనలో గ్రాండ్ ప్రీ కారును నిర్మించబూనగా, ఆ వ్యయభారానికి సంస్థ కుప్పకూలింది. అబార్త్‌కు రావలసిన సొమ్ముకు బదులు కొన్ని కార్లు, విడిభాగాలు దక్కాయి. వాటినే మూలధనంగా చేసుకొని 1949 మార్చి 31న అబార్త్ అండ్ కంపెనీని స్థాపించారు. తాను వృశ్చికరాశిలో జన్మించినందున తేలును సంస్థకు చిహ్నంగా ఎన్నుకున్నారు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 10న సిసిలీలోని మోంటే పెలెగ్రీనో కొండమార్గపు పందెంలో, మహాయోధుడు తాజియో నువొలారి అబార్త్ కారును నడిపి తన తరగతిలో ప్రథముడుగా నిలిచారు. అదే ఆ వృద్ధ వీరుని చివరి పందెం.

పందేలు కీర్తిని ఇస్తాయి గాని కూలివారికి జీతాలు ఇవ్వవు. సంస్థను పోషించినది పొగగొట్టం. ఇంజనులో మండిన వాయువు ఎంత త్వరగా బయటికి పోతే, కొత్త గాలి, పెట్రోలు అంత చక్కగా లోనికి వస్తాయి. నాటి సైలెన్సర్లలో అడ్డుపలకలు వాయువును అటూ ఇటూ తిప్పి శబ్దాన్ని అణచేవి; దానితోపాటు ఇంజను శ్వాసను కూడా అణచేవి. అబార్త్ వాయువుకు సూటిదారి చూపి, శబ్దాన్ని పీల్చుకొనుటకు గాజునూలును ఉపయోగించారు. నల్లని రంగు, మెరిసే కొసలు, గంభీరమైన ధ్వని ఆ గొట్టానికి గుర్తులైనాయి. చిన్న జీతగాడు సైతం కొనగలిగిన వస్తువది. 1962 నాటికి సంస్థ ఏడాదికి రెండున్నర లక్షలకు పైగా గొట్టాలను తయారుచేసింది. వాటిలో అధికభాగం విదేశాలకు ఎగుమతి అయింది.

1955లో ఫియట్ సంస్థ సామాన్య కుటుంబాల కొరకు 600 అనే చిన్న కారును విడుదల చేసింది. దాని ఇంజను 633 సీసీ. అబార్త్ సిలిండరు వ్యాసాన్ని 60 నుండి 61 మిల్లీమీటర్లకు, పిస్టను నడకను 56 నుండి 64 మిల్లీమీటర్లకు పెంచి దానిని 747 సీసీ చేశారు. కొత్త క్రాంక్‌షాఫ్టు, పెద్ద కార్బురేటరు, తన పొగగొట్టం అమర్చగా శక్తి దాదాపు రెట్టింపైంది. ఇటువంటి భాగాలను చెక్కపెట్టెలో సర్ది అమ్మడం ఆయన చేసిన మరొక గొప్ప పని. పెట్టె కొనుక్కొని తన ఊరి మెకానిక్కు వద్దకు వెళ్ళిన గుమాస్తా, పందెపు కారు యజమానియై తిరిగి వచ్చేవాడు.

అయినా ఆయన నైపుణ్యానికి అసలైన పరీక్ష 1958లో వచ్చింది. అంతకు ముందు ఏడాది ఫియట్ విడుదల చేసిన 500 కారుకు 479 సీసీ ఇంజను, 13 అశ్వశక్తి మాత్రమే ఉండెను. ప్రజలు దానిని చూసి పెదవి విరిచారు. ఆ కారునే అబార్త్ సవరించి, ఫిబ్రవరి 13న మోంజా పథంపై వదిలారు. చలికాలపు పగళ్ళూ రాత్రులూ, డ్రైవర్లు మారుతూ, ఏడు రోజులు అది పరుగెత్తింది. 168 గంటలలో 18,186 కిలోమీటర్లు. సగటున గంటకు 108 కిలోమీటర్లకు పైగా వేగం! నవ్వులపాలైన బండి అంతర్జాతీయ రికార్డులను సాధించింది. అప్పటినుండి ఫియట్, అబార్త్ సాధించిన విజయాలకు పారితోషికం చెల్లించసాగింది. 1963లో వెలువడిన 595 ఆ చిన్న కారుకే మరొక రూపం: 18 అశ్వశక్తి 27 అయింది.

1965 అక్టోబరులో, యాభై ఏడవ ఏడు నిండవస్తున్న దశలో, అబార్త్ స్వయంగా మోంజాలో త్వరణపు రికార్డులకు పూనుకున్నారు. ఒంటిసీటు కారులో ఆయన దేహం పట్టదు. అందుచేత యాపిల్ పండ్లే ప్రధానాహారంగా స్వీకరించి ముప్పది కిలోల బరువు తగ్గి, పావు మైలు, 500 మీటర్ల రికార్డులను కైవసం చేసుకున్నారు. యంత్రంలో ప్రతి గ్రామునూ లెక్కించిన వ్యక్తి తన శరీరాన్ని ఆ లెక్కకు వెలిగా ఉంచలేదు. మా దృష్టిలో ఆయన జీవితంలోకెల్లా ఉన్నతమైన ఘట్టమిదే.

అయితే సొంతంగా పందెపు కార్లను నిర్మించాలన్న ఆకాంక్ష ఖర్చును పెంచింది. దూసియోను ముంచిన సుడిగుండమే ఎదురైంది. అబార్త్ మునిగిపోకముందే ఒడ్డు చేరదలచి, 1971లో సంస్థను ఫియట్‌కు విక్రయించారు. తేలు గుర్తు నిలిచింది. ఫియట్ 131 అబార్త్ 1977, 1978, 1980 సంవత్సరాలలో ప్రపంచ ర్యాలీ నిర్మాతల బిరుదును గెలుచుకున్నది. మూడవ విజయాన్ని ఆయన చూడలేదు. 1979 అక్టోబరు 24న, తాను పుట్టిన వియన్నాలోనే కన్నుమూశారు.

బొంబాయి ప్రీమియర్ సంస్థ నిర్మించిన ఫియట్ కార్లు ఒకప్పుడు మన వీథులలో విరివిగా తిరిగినవే. తేలు గుర్తుగల పుంటో 2015లో మన విపణికి వచ్చి, కొద్ది సంవత్సరాలకే నిలిచిపోయింది. నేడు మన యువకులలో కొందరు సైలెన్సరును ఊడబీకి, ఆ రొదనే శక్తి అని భ్రమపడుతున్నారు. అబార్త్ మార్గం అది కాదు. ఆయన ముందు కొలిచారు, పిదప కోశారు. కొట్టివేయడానికి బదులు మెరుగైనదాన్ని అమర్చారు. పైగా మన 1988 నాటి మోటారు వాహనాల చట్టం, అనుమతించిన మార్పులు మినహా, తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తున్నది. ఆసక్తి గలవారు ఆ విద్యను పథకం ప్రకారం నేర్చి, పందెపు పథంపై చూపుట ఉచితం.

2023లో అబార్త్ పేరిట విద్యుత్తుతో నడిచే కారు వెలువడింది. దానికి పొగ లేదు, గొట్టమూ లేదు. అయినా పాత ఇంజను ధ్వనిని వినిపించుటకు అందులో ఒక స్పీకరును అమర్చారు. అవసరం తీరిన తరువాత కూడా తన పనితనపు ధ్వనిని లోకం వినగోరడం ఏ పనివానికైనా దుర్లభమైన గౌరవం.