రహీమ్ సాబ్ పెట్టిన ఎడమకాలి పోటీలు

మన అల్ ఘర్రాఫా స్టేడియంలో 2011 జనవరి 18న ఆసియా కప్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. దక్షిణ కొరియా 4 గోల్స్ కొడితే భారత్ ఒక్కటే కొట్టింది. అదే కొరియాను ఫైనల్లో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టు మనకు ఒకప్పుడు ఉండేదని ఇక్కడ పెరుగుతున్న పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆ జట్టును తీర్చిదిద్దినవారు మన హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్. అందరికీ ఆయన రహీమ్ సాబ్.

1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది.

బాగా ఆడండి, ఇంకా కష్టపడండి అని చెప్పి ఊరుకునే కోచ్ కాదాయన. ఆటగాడికి ఏం రావాలో ముందు తేల్చుకుని, అది రాకపోతే ఆట సాగనట్టు నియమం పెట్టేవారు. కుడికాలితోనే ఆడే అలవాటున్నవాళ్లు ఎడమకాలితోనే తన్నాలని ప్రత్యేకంగా పోటీలు జరిపారు. మరో రకం పోటీలో బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ పరుగెత్తడం నిషేధం, అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇలాంటి ఆటలో కోచ్ మార్కులు వేయనక్కర్లేదు. ఎడమకాలు ఎంతవరకు వచ్చిందో ఆట ముగిసేసరికి కుర్రాడికే తెలిసిపోతుంది. ఇప్పుడు మన పిల్లల్ని ఆటల కోచింగుకు ఎందుకు వెళ్తున్నారని అడిగితే, ఫిట్‌నెస్ కోసం అంటారు. రహీమ్ సాబ్ ఆ జవాబుతో తృప్తిపడేవారు కారనుకుంటాను.

సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన పేద కుర్రాడు తులసీదాస్ బలరామ్‌కు రోజూ మైదానానికి వచ్చే స్తోమత లేకపోతే, సైకిల్ అద్దెకు రోజుకో రూపాయి ఇచ్చారట. ఆ బలరామ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. అంతకు నాలుగేళ్ల ముందు హెల్సింకీలో, చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మెల్‌బోర్న్‌లో బూట్లతో ఆడి, ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, నాలుగో స్థానంలో నిలిచింది. రెండుసార్లూ కోచ్ రహీమ్ సాబే.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల కాన్సర్. లీగ్ దశలో కొరియా మనల్ని 2-0తో ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. తలతో బంతిని ఆపడం కష్టమైన మనిషిని పక్కన పెట్టకుండా, రహీమ్ సాబ్ ముందు వరసకు పంపి గోల్ కొట్టే పని అప్పగించారు! ఫైనల్ ముందు రాత్రి ఆటగాళ్లను కూర్చోబెట్టి, తనకు బంగారు పతకం కానుకగా కావాలని అడిగారని చెబుతారు. సెప్టెంబరు 4న స్టేడియం నిండా జనం మనవాళ్లకు వ్యతిరేకంగా కేకలు వేస్తుండగా, పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. కొరియా చివర్లో ఒకటి మాత్రం తిప్పికొట్టగలిగింది.

1963 జూన్ 11న రహీమ్ సాబ్ కన్నుమూశారు. వయసు 53. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ బంగారు పతకం రాలేదు.